పాత జీపా, జిప్సీయా, మొదటి థారా: ఇంటి దగ్గర చూసుకోగలిగే బండి ఏది?

బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి జనాన్ని ఎక్కించుకుని వెళ్లే జీపుల్ని ఎప్పుడైనా ఆగి చూశారా? రంగు వెలిసిపోయి ఉంటుంది. వెనక రెండు బల్లల్లాంటి సీట్లు. ఆ రాళ్ల దారిలో రోజుకు ఎన్నిసార్లు దిగి ఎక్కుతాయో! నేను చూసినవాటిలో ఒక్కదానికీ పెద్ద టైర్లు లేవు, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ లేదు, కూరుకుపోతే తాడుతో లాగే విన్చ్ ముందు లేదు. పొద్దున్నే గ్రీజు గన్ పట్టుకుని కిందికి దూరే డ్రైవర్ మాత్రం ఉంటాడు.

పాత ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలూ లాగే బండి, కొనాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది టైర్ల గురించి, ఆ తర్వాత ఎత్తు పెంచడం గురించి. నేను తిరిగి అడిగేది ఒకటే: మీ ఇంటి దగ్గర బండి కింద పడుకుని పని చేసుకునేంత చోటు ఉందా, వారానికి రెండు గంటలు తీరిక ఉందా? ఏ బండి కొనాలన్నది చాలావరకు ఆ జవాబులోనే ఉంటుంది. పదకొండేళ్లుగా మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మహీంద్రా ఎంఎం 540 జీపు ఉంది. అంతకుముందు నాలుగేళ్లు జిప్సీ నడిపాను. మా బావ దగ్గర 2013 థార్ ఉంది, దాని పని కూడా సగం మా షెడ్డులోనే జరుగుతుంది. ఈ మూడింటి మీద చేతులు పెట్టాను కాబట్టి ఈ మూడింటి గురించే చెబుతాను.

బండికంటే ముందు కాగితాలు

ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు, నేనూ తిన్నాను. నా మొదటి జీపు ఒక బ్రోకర్ ద్వారా కొన్నాను. ఇంజన్ గడియారంలా తిరుగుతోంది, రేటు తక్కువ, ఆ రోజే అడ్వాన్స్ ఇచ్చేశాను. తీరా రెన్యూవల్‌కి తీసుకెళ్లేసరికి ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబర్ వేరు, బండిలో ఉన్నది వేరు. ఎప్పుడో ఎవరో ఇంజన్ మార్చి, రాయించకుండా వదిలేశారు. ఆ బండిని చివరికి విడిభాగాల కింద అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ రాత్రులు పడిన టెన్షన్ ఇంకా గుర్తుంది.

అందుకే చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక వైర్ బ్రష్, కొంచెం కిరోసిన్, టార్చి తీసుకెళ్లండి. చాసిస్ మీద నంబర్ కొట్టిన చోట మట్టి, తుప్పు తుడిచి, అక్షరం అక్షరం ఆర్‌సీతో పోల్చండి. ఇంజన్ నంబర్ కూడా అంతే. నంబర్ చుట్టూ వెల్డింగ్ చేసినట్టున్నా, అక్కడ మాత్రమే కొత్త రంగు కనిపించినా తిరిగి వచ్చేయండి. ఎంత మంచి బండి అయినా సరే.

సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకొకసారి రెన్యూవల్ చేస్తారు, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారుకు రెన్యూవల్ ఫీజు 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటినవాటికి 2025లో దాన్ని 10,000 చేశారు. ఎంఎం 540 కొనేవాళ్లు ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

ఢిల్లీ వైపు పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదంటూ వచ్చిన ఆంక్షల వల్ల అక్కడి నుంచి చవగ్గా కొన్ని బండ్లు దక్షిణాదికి వచ్చాయి. వాటికి ఎన్‌ఓసీ (అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేసుకుంటే చాలాసార్లు ఆ చవక మిగలదు. హర్యానాలో డబ్వాలీ అనే ఊరు జీపులు తయారు చేయడంలో పేరు పడింది. అక్కడి పనితనం మంచిదే, కానీ కంటికి మెరిసే బండి ఆర్‌సీలో ఏమని రాసి ఉందో చూడకుండా డబ్బు చేతిలో పెట్టొద్దు. మిలిటరీ వేలం బండి అంటే వేలం కాగితాలు, రిజిస్ట్రేషన్ రెండూ ఉండాలి. వేలం రసీదు చూపించి, రిజిస్ట్రేషన్ మీరే చేయించుకోండి అనేవాళ్ల దగ్గర కొనొద్దు.

మార్పుల గురించి చట్టం కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే కంపెనీ, అదే రకం ఇంజన్ వేసుకోవాలన్నా ముందు అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించాలి. జిప్సీలో డీజిల్ ఇంజన్ కూర్చోబెట్టడం, చాసిస్ కోసి పొడవు తగ్గించడం లాంటివాటి జోలికి వెళ్లొద్దు. యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు వెతికేది ఇదే. ముందు బంపర్‌కి ఇనుప గార్డులు కూడా వద్దని 2017 డిసెంబర్‌లో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అవి ఎదుటి మనిషికి ప్రమాదం.

ఎంఎం 540, మేజర్: చేతులు మురికి చేసుకునేవాళ్లకు

80ల మధ్య నుంచి వచ్చిన ఎంఎం 540లో 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్ ఉండేది. తర్వాతి మహీంద్రా జీపుల్లో, మేజర్‌లో 2523 సీసీ డీఐ ఇంజన్, అంటే డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే రకం. మండలాలు ఏర్పడిన కొత్తలో ఎంఆర్‌ఓ గారి జీపు ఊళ్లోకి వస్తే వినిపించేది ఇలాంటి చప్పుడే, మా తరానికి అది గుర్తుంటుంది. ఈ ఇంజన్లలో కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. పంపు, నాజిల్స్, ఫిల్టర్, అంతే. బ్యాటరీ చచ్చిపోతే నలుగురు తోస్తే స్టార్ట్ అవుతుంది. రాజమండ్రిలోనే కాదు, రంపచోడవరంలో కూడా దీని పని తెలిసిన మేస్త్రి దొరుకుతాడు. డీఐ ఇంజన్ సామాన్లు ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి. ప్యూజో ఇంజన్ సామాన్లకు మాత్రం పాత సామాన్ల కొట్లు తిరగాలి. అందుకని ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు డీఐ ఉన్న బండి చూసుకోవడం మేలు.

ఒక జాగ్రత్త. జీపులన్నీ ఫోర్ బై ఫోర్ కావు. మేజర్‌లో టూ వీల్ డ్రైవ్ బండ్లు చాలా ఉన్నాయి. వంగి ముందు యాక్సిల్ చూడండి. మధ్యలో కాకుండా ఒక పక్కకు గేర్లుండే గుండ్రటి డబ్బా (హౌసింగ్) ఉండి, దానికి ఇంజన్ శక్తిని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలించి ఉంటేనే ఫోర్ బై ఫోర్. ఆర్‌సీలోని మోడల్ పేరు కూడా దానితో కలవాలి. తర్వాత ఎక్కడినుంచో తెచ్చి అతికించిన ముందు హౌసింగ్ అయితే మళ్లీ అదే కాగితాల గొడవ.

కష్టాలూ ఉన్నాయి. ఎంఎం 540కి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. వాగు దాటి గట్టెక్కగానే పెడల్ తొక్కితే బండి ఆగదు. కాసేపు మెల్లగా నడుపుతూ బ్రేకుని తేలిగ్గా నొక్కి పట్టుకుంటే లైనింగులు ఆరి మళ్లీ పట్టు వస్తుంది. స్టీరింగ్ బరువు. హైవే మీద అరవై దాటితే మాట వినబడదు. ఇంట్లోవాళ్లతో కలిసి తిరుపతి వెళ్లి రావాలనుకునే బండి ఇది కాదు.

జిప్సీ: తేలిక, కానీ తుప్పు

మారుతి జిప్సీ 1985 డిసెంబర్‌లో 970 సీసీ ఇంజన్‌తో వచ్చింది. 1996లో 1.3 లీటర్ల జిప్సీ కింగ్, 2000లో అదే సైజులో 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ లేకుండా పెట్రోల్ చిమ్మే) ఇంజన్, 80 బీహెచ్‌పీ. నా సలహా సూటిగా చెబుతాను: జిప్సీ కొంటే ఎంపీఎఫ్ఐ కింగే కొనండి. 970 సీసీ బండి ముచ్చటగా ఉంటుంది కానీ మారేడుమిల్లి ఘాట్ మీద నలుగురిని ఎక్కించుకుంటే ఆయాసపడుతుంది. కార్బొరేటర్ బండ్లలో కార్బొరేటర్ సరిగ్గా ట్యూన్ చేసే చేతులు కూడా తగ్గిపోతున్నాయి.

జిప్సీ బలమంతా దాని తక్కువ బరువులో ఉంది. టన్నుకు అటూ ఇటుగా ఉంటుంది. నల్లరేగడిలో వాన పడ్డాక జీపు, థార్ కూరుకుపోయే చోట జిప్సీ పైపైన వెళ్లిపోతుంది. కూరుకుపోయినా ముగ్గురు మనుషులు తోయగలరు. జాకీ మీద ఎత్తడం, గేర్‌బాక్స్ దించడం, అన్నీ తేలిక. ఇంటి దగ్గర ఒంటరిగా పని చేసుకునేవాడికి ఇది చిన్న విషయం కాదు. బలహీనత ఏమిటంటే, 103 ఎన్‌ఎం టార్క్, అంటే లాగే బలం, ఇంజన్ బాగా వేగంగా తిరిగినప్పుడే దొరుకుతుంది. రాళ్ల మీద మెల్లగా పాకాల్సిన చోట లో గేర్ వేసి, క్లచ్‌తో జాగ్రత్తగా ఉండాలి. పెట్రోల్ ఖర్చు కూడా తక్కువేం కాదు.

అసలు శత్రువు తుప్పు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగిన జిప్సీ అయితే మరీ జాగ్రత్త. ఫ్లోర్ మ్యాట్లు ఎత్తి చూడండి. వెనక కమాన్లు చాసిస్‌కి తగిలే చోట చిన్న సుత్తితో తట్టండి. ఇనుము మంచిదైతే ఖంగుమంటుంది. లోపల తినేసి ఉంటే చెక్క మీద కొట్టినట్టు మొద్దు శబ్దం వస్తుంది. బాడీకి ఒక చిన్న అయస్కాంతం ఆనించుకుంటూ వెళ్లండి, అతుక్కోని చోట కింద ఉన్నది పుట్టీ. బాడీ పోతే టింకరింగ్‌తో బాగుచేయొచ్చు, డబ్బు పోతుందంతే. చాసిస్ కుళ్లిపోతే ఆ బండి వద్దు.

ముందు చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. లటలటలాడితే వీల్ బేరింగో, స్టీరింగ్‌తో చక్రం తిరిగే చోట ఉండే కింగ్‌పిన్ బేరింగో పోయింది. యాభై అరవై స్పీడులో గుంత తగిలితే స్టీరింగ్ మొత్తం వణికే జిప్సీలకు చాలాసార్లు జబ్బు ఇక్కడే ఉంటుంది. స్టీరింగ్ డంపర్ కొత్తది వేసి జబ్బు దాచేవాళ్లున్నారు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో చెప్పలేకపోతే కొన్న వారంలోనే మార్చేయండి.

మొదటి థార్: ఊరూ అడవీ రెండూ కావాలంటే

2010లో వచ్చి 2020 దాకా నడిచిన థార్‌లో సీఆర్‌డీఈ (కంప్యూటర్‌తో నడిచే కామన్ రైల్ డీజిల్) రకం అయితే 2498 సీసీ, 105 బీహెచ్‌పీ, 247 ఎన్‌ఎం. పవర్ స్టీరింగ్ ఉంది, ఏసీ ఉన్న బండ్లూ దొరుకుతాయి. 2015 తర్వాతి బండ్లలో వెనక లాకింగ్ డిఫరెన్షియల్ కూడా దొరుకుతుంది. ఒక చక్రం గాలిలోకి లేచినా రెండోది లాగుతుంది. మూడింటిలో రోజూ ఆఫీసుకు వేసుకెళ్లగలిగింది ఇదొక్కటే.

మరి నేనెందుకు కొనుక్కోలేదు? దీని ఇంజన్‌కి కంప్యూటర్ ఉంది. మా బావ బండి ఒకసారి దారిలో ఆగిపోతే, ఫిల్టర్ చూశాం, ఫ్యూజులు చూశాం, గంటన్నర కష్టపడ్డాం. చివరికి స్కానర్ పెడితే తెలిసింది, ఒక సెన్సర్ వైరు రాపిడికి తెగిందని. సరిచేయడానికి పట్టింది పది నిమిషాలు, కనిపెట్టడానికి ఒక రోజు. థార్ కొంటే పానాలతో పాటు ఒక స్కానర్ కూడా కొనుక్కోండి. ముందు వైపు సస్పెన్షన్ కమాన్లు కావు, టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు. వాటిని బిగించి ముందు భాగం ఎత్తు పెంచేవాళ్లున్నారు. అలా చేస్తే డ్రైవ్ షాఫ్టుల కోణం పెరిగి వాటి చివర ఉండే సీవీ జాయింట్లు తొందరగా అరుగుతాయి, జాయింట్ల మీది రబ్బరు తొడుగులు (బూట్లు) చిరుగుతాయి. రాళ్ల దారిలో ఆ జాయింట్ విరిగితే బండి అక్కడే. కాబట్టి థార్‌ని కంపెనీ ఎత్తులోనే ఉంచండి. డీఐ ఇంజన్‌తో వచ్చిన థార్ కూడా ఉంది. పవర్ తక్కువ, కానీ జీపు లాగే సాదాసీదా బండి. కాగితాలు బాగున్న డీఐ ఫోర్ బై ఫోర్ థార్ కనిపిస్తే వదలొద్దు.

ఏం మార్చాలి, ఏం మార్చొద్దు

మొదటి ఏడాది ఏమీ మార్చకండి. ఇది నా గట్టి అభిప్రాయం. ఇరవై ఏళ్ల బండికి కమాన్లు కుంగిపోయి ఉంటాయి, బుష్‌లు అరిగి ఉంటాయి, షాకబ్జర్లు కారుతుంటాయి. దాని మీద రెండంగుళాల లిఫ్ట్ వేస్తే పాత జబ్బులన్నీ రెండంగుళాలు పైకి లేస్తాయంతే. మా మేస్త్రి బాబాయ్ దగ్గరికి నేను లిఫ్ట్ షాకిల్స్ (ఎత్తు కోసం కమాన్ల చివర తగిలించే పొడవాటి లింకులు) పట్టుకెళ్లిన రోజు ఆయన వాటిని చూడను కూడా చూడలేదు. "ముందు ఈ కమాన్లు విప్పు బాబూ, నీకు కావాల్సిన ఎత్తు అందులోనే ఉంది" అన్నాడు. విప్పి, విరిగిన ఆకు మార్చి, మిగతావి మళ్లీ వంపు తిప్పించి, కొత్త బుష్‌లు వేసేసరికి బండి నిజంగానే అంగుళంన్నర లేచింది. ఆ షాకిల్స్ ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి. ఎత్తు పెంచితే కాస్టర్ కోణం (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) మారి స్టీరింగ్ తేలిపోతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌ల మీద భారం పడుతుంది, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు పైపు సాగి తెగే ప్రమాదం ఉంది. ఎత్తు కోసం ఇన్ని కొత్త సమస్యలు తెచ్చుకోవడం ఎందుకు?

టైర్లు మార్చడం మాత్రం నిజంగా పనికొచ్చే మార్పు. ఆల్ టెరైన్ (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చేది) కావాలా, మడ్ టెరైన్ (బురద కోసం చేసింది) కావాలా అని అడిగితే పదిలో తొమ్మిది మందికి ఆల్ టెరైనే చెబుతాను. మడ్ టైర్ పొలం బురదలో అద్భుతంగా పట్టుకుంటుంది. కానీ తడి తారు రోడ్డు మీద దాని పెద్ద పెద్ద దిమ్మెలకు పట్టు తక్కువ, చప్పుడు ఎక్కువ, అరుగుదల తొందర. వానాకాలం అంతా చేపల చెరువు గట్ల మీదే తిరిగేవాళ్లయితే మడ్ టైర్ తీసుకోండి. సైజు గురించి ఒక లెక్క చెబుతాను. జిప్సీ కింగ్ అసలు టైరు 205/70 ఆర్ 15, దాని ఎత్తు 668 మిల్లీమీటర్లు. చాలామంది వేసే 215/75 ఆర్ 15 ఎత్తు 703. ఐదు శాతం పెద్దది. మీటర్ 60 చూపిస్తుంటే మీరు నిజానికి 63లో ఉంటారు, ఇంజన్ లాగుడు కూడా ఆ మేరకు తగ్గుతుంది. అంతవరకు బండి తట్టుకుంటుంది. 235/75 వేస్తే 733, దాదాపు పది శాతం. అప్పుడు ఘాట్ మీద ప్రతి మలుపులో ఒక గేర్ కిందికి దిగాలి, టైరు ఫెండర్‌కి రాస్తుంది, బేరింగుల మీద భారం. ఏ సైజు వేసినా, మీ బండికి అది అనుమతి ఉన్నదో కాదో చూసుకున్నాకే. ఇసుకలో దిగేముందు గాలి 18 పీఎస్‌ఐ దాకా తగ్గించండి, పెద్ద టైరు చేసేదానికంటే ఇది ఎక్కువ చేస్తుంది. తిరిగి రోడ్డెక్కగానే నింపుకోవడానికి బ్యాటరీ మీద నడిచే చిన్న కంప్రెసర్ దగ్గరుండాలి.

ఇక నేను అందరికీ చెప్పే మార్పు చాలా చిన్నది. ఒకసారి మారేడుమిల్లి అవతల ఒక వాగు దాటాను. నీళ్లు హబ్‌ల పైదాకా వచ్చాయి, బండి ఏ ఇబ్బందీ లేకుండా దాటింది. రెండు వారాల తర్వాత ఎందుకో అనుమానం వచ్చి వెనక హౌసింగ్ డ్రెయిన్ బోల్టు విప్పాను. నల్లగా జారాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో, నురగతో, చిక్కగా ధార కట్టింది. లోపలికి నీళ్లు వెళ్లాయి. ఎలా? ఎండలో గంట నడిచిన హౌసింగ్ వేడెక్కి ఉంటుంది. చన్నీళ్లలో దిగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. హౌసింగ్ పైన ఉండే చిన్న బ్రీదర్ (గాలి ఆడే రంధ్రం) మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ గాలి లోటు ఆయిల్ సీల్ దగ్గర నుంచి నీళ్లను పీల్చుకుంటుంది. ఆ బ్రీదర్ తీసేసి, అక్కడ ఒక నిపుల్ బిగించి, మీటరున్నర పెట్రోల్ పైపు తగిలించి, పై చివరను బాడీ కింద ఎత్తులో కట్టి చిన్న ఫిల్టర్ పెట్టాను. ముందు హౌసింగ్‌కీ, గేర్‌బాక్స్‌కీ అలాగే. ఒక మధ్యాహ్నం పని. హౌసింగ్ లోపలి పెద్ద గేర్లు, అదే క్రౌన్ పినియన్, పోతే అయ్యే ఖర్చు ముందు ఆ పైపు ఖర్చు లెక్కలోకే రాదు.

ఇంటి దగ్గర ఏది, మేస్త్రి దగ్గర ఏది

ఒక్క జాకీ మీద ఉన్న బండి కిందికి ఎప్పుడూ దూరకండి. స్టాండ్లు కొనండి, లేదంటే గట్టి దుంగలు అడ్డంగా పేర్చండి, కింద ఉండే చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. జాకీ జారి ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి.

గ్రీజు కొట్టడం, అన్ని ఆయిళ్లూ మార్చడం, ఫిల్టర్లు, బ్రేకు లైనింగులు సరిచేయడం, వీల్ బేరింగులు కడిగి గ్రీజు నింపడం ఇవన్నీ ఇంటి దగ్గర హాయిగా అయిపోతాయి. గేర్ ఆయిల్ కొనేటప్పుడు కొంచెం చూసుకోండి. డిఫరెన్షియల్‌కి (ఆ హౌసింగ్‌లో ఉండే గేర్లకు) జీఎల్-5, గేర్‌బాక్స్‌కి జీఎల్-4. గేర్‌బాక్స్‌లో ఇత్తడి సింక్రో రింగులుంటాయి, వాటికి జీఎల్-5 అంత మంచిది కాదు. నీళ్లు దాటి వచ్చిన ప్రతిసారీ గ్రీజు కొట్టండి, నిపుల్ పక్కనుంచి పాత గ్రీజు బయటికి వచ్చి, దాని వెనక కొత్తది కనిపించేదాకా.

జీపు ఉన్నవాళ్లు డీజిల్ లైన్‌లో గాలి తీయడం నేర్చుకోవాలి. ఫిల్టర్ పైన ఉండే చిన్న బోల్టు రెండు చుట్లు వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ ఉండండి. ముందు బుస బుసమని నురగ వస్తుంది, తర్వాత బుడగలు, తర్వాత ఒక్క బుడగ లేని డీజిల్. అప్పుడు పంపు ఆపకుండానే బోల్టు బిగించాలి. అయినా స్టార్ట్ కాకపోతే నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి సెల్ఫ్ కొట్టించండి. ఇది వచ్చినవాడు అడవిలో చీకటిపడ్డా భయపడక్కర్లేదు.

నాజిల్స్, పంపు టెస్టింగ్, క్రౌన్ పినియన్ సెట్టింగ్, చాసిస్ వెల్డింగ్ మాత్రం తెలిసినవాళ్లకే వదలండి. స్టీరింగ్, బ్రేకు పని ఇంట్లో చేసినా ఒకసారి మేస్త్రికి చూపించకుండా రోడ్డెక్కొద్దు.

ఇంకొకటి. ఈ మూడు బండ్లలోనూ ఫోర్ వీల్ డ్రైవ్ జారే నేల కోసమే. ఎండు తారు రోడ్డు మీద వేసుకుని తిప్పితే గేర్లు బిగిసి విరగొచ్చు. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి, పాపికొండల నేషనల్ పార్క్‌లోకి, నల్లమలలోని టైగర్ రిజర్వుల్లోకి అనుమతి లేకుండా బండి దించొద్దు.

ఎవరికి ఏది

అపార్ట్‌మెంట్‌లో ఉండి, రోజూ నడపాల్సిన బండి ఇదొక్కటే అయితే 2015 తర్వాతి థార్ సీఆర్‌డీఈ. ఇంటి ముందు షెడ్డు ఉండి, ఇంకో కారు ఉండి, ఆదివారాలు పానాలతో గడపడం ఇష్టమైతే డీఐ జీపు. ఊరి పక్కనే పొలాలు, బురద దారులు ఉండి, ఎక్కువగా ఇద్దరే తిరిగేవాళ్లకు జిప్సీ, అది కూడా చాసిస్ మంచిదని తేలాకే. జీపుకీ జిప్సీకీ మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే మీకు ఇరవై కిలోమీటర్ల లోపల ఉన్న మేస్త్రిని అడగండి, ఆయన చేతికి ఏ బండి అలవాటో అదే కొనండి.

చూడ్డానికి వెళ్లేది పొద్దున్నే అయితే మంచిది. నేను రాకముందు స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే ఎందుకు ముందే స్టార్ట్ చేశారో అడగండి. చల్లటి ఇంజన్ అర సెకను సెల్ఫ్‌కి అందుకుందా, పది సెకన్లు తీసుకుందా, మొదటి పొగ తెలుపా, నీలమా, నలుపా చూడండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ విప్పి బాగుచేయించాల్సి వచ్చినట్టే, ఆ ఖర్చు రేటులోంచి తగ్గించి మాట్లాడండి. ఆ తర్వాతే సీటులో కూర్చోండి.